కందెన పెట్టిన చేతులు: కర్నూలు పాతబస్తీ బజారు, రవాణా – ఒక దళిత పరిశీలన

కర్నూలు చరిత్ర అనగానే మనకు చెప్పే వరుస ఒకటుంది. కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం, 1839లో ఇంగ్లీషువాళ్ళు గద్దె దించిన ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్, 1953లో వచ్చి 1956లో పోయిన రాజధాని. బడి పుస్తకంలోనైనా, పర్యాటక కరపత్రంలోనైనా ఈ వరుస మారదు. కడప గురించి చెప్పినా అంతే. దేవుని కడప, పెద్ద దర్గా, మన్రో దొర. ఈ రెండు ఊర్లూ పట్నాలు కావడానికి కారణమైన బజారు, ఆ బజారుకు సరుకు తెచ్చిన దారి, ఆ దారి మీద బరువు మోసిన మనుషులు ఈ వరుసలో యాడా తగలరు.

కర్నూలు పాతబస్తీ బజారునూ దాని రవాణానూ దళితుల వైపు నుంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. దారి మీద నడిచే హక్కు ఎవరిది? చక్రం ఎవరి సొంతం? తక్కెడ ఎవరి చేతిలో ఉంది? కూర్చుని అమ్ముకునే జాగా ఎవరిది? అభివృద్ధి అని చెప్పుకునే ప్రతి మలుపులోనూ, అంటే కాలువ వచ్చినప్పుడు, రైలు వచ్చినప్పుడు, రాజధాని వచ్చినప్పుడు, ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు వెతికితే అసలు చరిత్ర బయటపడుతుంది.

1. ఊరి పేరులో ఉన్న పని

కర్నూలు పాత పేరు కందెనవోలు. ఇంగ్లీషు కాలపు గెజిటీర్లలోనూ జనం నోటిలోనూ ఉన్న కథ ఇది. తుంగభద్ర అవతల అలంపురంలో గుడి కడుతున్న రోజుల్లో ఒడ్డెవాళ్ళు రాళ్ళు బండ్ల మీద తోలుకుపోతూ, ఏరు దాటబోయే ముందు ఇక్కడ ఆగి చక్రాలకు కందెన పెట్టుకునేవాళ్ళు. అందువల్ల ఇది కందెనవోలు అయింది. కథ పదకొండో శతాబ్దం నాటిదని చెప్తారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యుల కాలంలో కట్టినవి. కాబట్టి కథలోని కాలాన్ని పట్టుకుని వాదించడం వల్ల ప్రయోజనం లేదు. మనకు కావలసింది వేరే. మన దేశంలో ఊర్లకు దేవుళ్ళ పేర్లు, రాజుల పేర్లు ఉంటాయి. ఒక పెద్ద ఊరికి కూలిజనం చేసే పని మీద పేరు నిలవడం అరుదు. జనం జ్ఞాపకంలో ఈ ఊరు కోటగా మొదలు కాలేదు. బండ్లు ఆగే చోటుగా మొదలయింది. బండ్లు ఆగిన చోట ఆముదం అమ్మేవాడు కూర్చుంటాడు, గడ్డి అమ్మేవాడు వస్తాడు. బజారంటే అదే.

అయితే కథలో కూడా ఒక ఖాళీ ఉంది. రాళ్ళు తోలిన ఒడ్డెలు ఉన్నారు, నూనె ఇచ్చిన వర్తకులు ఉన్నారు. ఎద్దును కాడికి కట్టిన తోలు వారు ఎవరు చేసినారు? చెర్నాకోల ఎవరు పేనినారు? కందెన అంటే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసే జిగట. అది ఇరుసుకు పట్టించేది చేతులతోనే. ఆ చేతులు నల్లబడతాయి. నల్లబడిన చేతుల లెక్క కథలో పాతిక వంతు వచ్చింది. చచ్చిన గొడ్డును ఎత్తి, తోలు ఊనబెట్టి, వార్లు కోసిన మాదిగల లెక్క అసలు రాలేదు.

2. పుట్టి, పెరికె, బండి

రైలుకు ముందు రాయలసీమ రవాణా రెండు రకాలు. దూరపు సరుకు పెరికె ఎద్దుల మీద వచ్చేది. లంబాడీలు కోస్తా నుంచి ఉప్పు మోసుకొచ్చి, లోపలి ధాన్యాన్ని తీసుకుపోయేవాళ్ళు. నల్లమల కనమల్లో బండి పోలేని చోట ఎద్దు వీపే దారి. దగ్గరి సరుకు బండ్ల మీద, తలల మీద వచ్చేది. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది. అవతలి గట్టు నైజాం రాజ్యం. అక్కడ సరుకు మీద పన్ను వసూలు చేసే కరోడ్గిరి నాకాలు ఉండేవి. రెండు రాజ్యాల నడుమ ఏటి ఒడ్డున ఉండటమే ఈ బజారుకు బలం.

ఏరు దాటడం ఎట్లా? ఎండాకాలం నడిచి దాటొచ్చు. నీళ్ళున్నప్పుడు పుట్టి కావాలి. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట. దానికి అడుగున తొడిగేది పశువుల తోలు. తోలు లేకపోతే పుట్టి లేదు, పుట్టి లేకపోతే వానాకాలం అవతలి గట్టుతో బేరం లేదు. సేద్యంలోనూ ఇదే సంగతి. కోస్తాలో కాలువ నీళ్ళు, సీమలో బావి నీళ్ళు. బావిలోంచి నీళ్ళు తోడేది కపిల. కపిల బానా తోలుదే, దాని తొండమూ తోలుదే. మెట్ట సీమలో తోట పండిందంటే, ఆ పంట బజారుకు వచ్చిందంటే, దాని మొదట్లో మాదిగవాడి పని ఉంది. మన ఆర్థిక చరిత్రకారులు రాయలసీమను నీళ్ళు లేని సీమగా రాసినారు. ఉన్న నీళ్ళను పైకి తెచ్చిన తోలును, ఆ తోలు పనిచేసిన కులాన్ని ఉత్పత్తి లెక్కలో వేయలేదు. దాన్ని అంటరాని పని అన్నారు గాని సాంకేతిక విద్య అనలేదు.

బండి ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. బండి కావాలంటే రెండు ఎద్దులు కావాలి. ఎద్దులు మేపడానికి భూమి కావాలి. భూమి లేనివాడికి ఎద్దు లేదు, ఎద్దు లేనివాడికి బండి లేదు. కాబట్టి బండికి కావలసిన తోలంతా సమకూర్చిన కులం బండెక్కి బజారుకు పోలేదు. తలమీద కట్టెలమోపు, గడ్డిమోపు పెట్టుకుని దళిత స్త్రీ కాలినడకన పోయింది. చక్రం ఒకరిది, కాలు ఒకరిది. సీమ రవాణాలో మొదటి కుల విభజన ఇదే.

3. కాలువ, కరువు, రైలు

1858లో కర్నూలు కలెక్టరేటు అయింది. 1866లో మునిసిపాలిటీ వచ్చింది. అదే దశాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వింది. 1863లో మొదలయిన పని 1871 నాటికి ముగిసింది. ఈ కాలువ కర్నూలులోనే హంద్రీని అక్విడక్టు మీద దాటిపోతుంది. దీన్ని సేద్యానికే కాదు, పడవల రవాణాకూ ఉద్దేశించినారు. ఆర్థర్ కాటన్ కల అదే, నీటి దారులతో దేశాన్ని కలపడం. పడవల వ్యాపారం కంపెనీ అనుకున్నట్టు సాగలేదు, నష్టాల్లో పడ్డ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కాలువ తవ్విన మన్ను మోసింది ఒడ్డెలు, మాలమాదిగలు, తక్కిన కూలి కులాలు. కాలువ కింద తడిసిన భూమి మాత్రం ముందునుంచీ భూమి ఉన్నవాళ్ళదే.

కాలువ ముగిసిన అయిదేళ్ళకే 1876–78 కరువు వచ్చింది. సీమ జనం దాన్ని ధాత కరువు అంటారు. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షలకు పైగా ఉన్న కర్నూలు జిల్లా జనం 1881కి 7 లక్షల లోపుకు పడిపోయింది. నాలుగో వంతు మనుషులు లేకుండా పోయినారు. ఇందులో రవాణా పాత్ర ఏమిటో చూడాలి. మద్రాసు రైలు 1860లలో కడపకు వచ్చి, 1871కి రాయచూరు దాకా పోయింది. కర్నూలుకు రాలేదు. కర్నూలుకు ధాన్యం కావాలంటే గుత్తి లాంటి స్టేషన్లలో దింపి బండ్ల మీద తోలాలి. మేత లేక, నీళ్ళు లేక ఎద్దులు చచ్చిపోతుంటే బండ్లు ఎట్లా కదులుతాయి? రైలున్న చోట కూడా ధాన్యం జనానికి అందలేదు. రైలు ధాన్యాన్ని తెస్తుంది, ధర ఎక్కువ పలికే చోటికి మోసుకుపోతుంది కూడా. చేతిలో కూలి లేనివాడికి బజారులో ధాన్యం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కరువు పనుల్లో కూలి తగ్గించమని చెప్పినవాడు రిచర్డ్ టెంపుల్. 1877లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అర్ధణా చాలన్నాడు. ఈ కూలితో రాళ్ళు కొట్టి రోడ్లు వేయాలి. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ దీన్ని వ్యతిరేకించినాడు. ఆ కూలి మీద ఆ పని చేస్తే మనిషి బతకడని వాదించినాడు. కొన్ని నెలల తర్వాత గాని కూలి పెరగలేదు. సీమలో మనం నడుస్తున్న పాత రోడ్లలో కొన్ని ఆ పౌను గింజల కూలితో వేసినవని మరవకూడదు. ఆ కరువులో ముందు పోయింది భూమి లేనివాళ్ళు, నిల్వ గింజ లేనివాళ్ళు. అంటే కులం లెక్కలో ఎవరో చెప్పనక్కరలేదు.

ఇదే కరువులో ఇంకొక మార్పు జరిగింది. గొడ్లు లక్షల్లో చచ్చినాయి. మద్రాసు రేవు నుంచి తోళ్ళ ఎగుమతి పెరిగింది. అంతకు ముందు చచ్చిన గొడ్డు మాదిగ హక్కు. ఆ హక్కుకు బదులు రైతుకు వార్లు, చెప్పులు, బాన చేసిపెట్టాలి. ఇప్పుడు తోలుకు బజారు ధర వచ్చింది. ధర వచ్చేసరికి వ్యాపారి వచ్చినాడు. తోలు ఊరి మాదిగవాడి లందె నుంచి మద్రాసు తోళ్ళ మండీకి పోయింది. పని మురికిదని అన్నవాళ్ళకు లాభం మురికిదిగా కనపడలేదు. సరుకుకు విలువ వచ్చిన మరుక్షణం అది దళితుడి చేయి దాటిపోవడం, కంపు, చాకిరీ మాత్రం అతని దగ్గరే మిగలడం, ఇది మన బజారు చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనపడే సూత్రం.

కరువు తర్వాత కరువు రక్షణ పేరుతో బళ్ళారి–కిష్ణా స్టేట్ రైల్వే వేసినారు. అది గుంతకల్లు, డోన్, నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడకు పోయింది. కర్నూలు మళ్ళీ పక్కకే ఉండిపోయింది. డోన్ స్టేషనుకు కర్నూలు రోడ్డు అని పేరు పెట్టినారు. స్టేషను పేరులో కర్నూలు ఉంది గాని కర్నూలు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఆ దూరమంతా బండ్లు, ఎద్దులు, కూలీలు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో డోన్ నుంచి కర్నూలుకు, ఆ తర్వాత అవతలి నుంచి నైజాం రైలుకు లైను కలిసింది. అప్పటికి కర్నూలు జనాభా పాతిక వేల చుట్టూ ఉన్న ఊరు.

4. దారి తెరుచుకోవడం

రైలుపెట్టెలో కులం అడగరు, టికెట్టు అడుగుతారు అని మన పెద్దలు కొందరు మురిసిపోయినారు. అందులో కొంత నిజం ఉంది. కానీ స్టేషను నుంచి బజారుకు పోయే వీధిలో కులం అడిగేవాళ్ళు. ఏ వీధిలో చెప్పులు తొడుక్కుని నడవొచ్చు, ఏ బావి దగ్గర దాహం తీర్చుకోవచ్చు అన్నది రైలు తీర్చని సమస్య.

1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టినాడు. ఏ పట్నంలోనైనా పల్లెలోనైనా పబ్లిక్ రోడ్డు, వీధి, బాట మీద ఏ కులంవాళ్ళైనా నడవొచ్చు, పబ్లిక్ ఆఫీసు, బావి, చెరువు, జనం పని మీద కలిసే చోటు ఏ కులంవాళ్ళకైనా తెరిచి ఉండాలని దాని సారాంశం. అది నెగ్గి, అదే ఏడు సెప్టెంబరులో ప్రభుత్వ ఉత్తర్వు అయింది. మహద్ చవదార్ చెరువు సత్యాగ్రహం జరిగింది 1927లో. అంటే దానికి మూడేళ్ళ ముందే మద్రాసు రాష్ట్రంలో, అందులో భాగమైన కర్నూలు, కడప జిల్లాల్లో, కాగితం మీద బజారు వీధి మనకు తెరుచుకుంది. 1938లో ఎం.సి. రాజా తెచ్చిన పౌర అసమర్థతల నివారణ చట్టం, 1950లో రాజ్యాంగం 15, 17 అధికరణాలు, 1955లో అంటరానితనం నేరాల చట్టం ఒకదాని తర్వాత ఒకటి వచ్చినాయి. 1955 చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అంగడిలోకి రానీయకపోవడమే కాదు, ఏ వృత్తినైనా వ్యాపారాన్నైనా చేయనీయకపోవడం కూడా నేరమన్నది.

దామోదరం సంజీవయ్య 1921లో కర్నూలు పక్కనే పెద్దపాడులో పుట్టినాడు. భూమి లేని మాల కుటుంబం, తండ్రి చిన్నప్పుడే పోయినాడు. కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో చదివి, అనంతపురం కాలేజీకి, ఆ తర్వాత మద్రాసు లా కాలేజీకి పోయినాడు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినాడు. దేశంలో ఏ రాష్ట్రానికైనా మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయనే. పెద్దపాడు నుంచి కర్నూలు బడికి ఉన్న దారి తెరుచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. మిషన్ బడులు కూడా ఈ దారిని వెడల్పు చేసినాయి. కడప, నంద్యాల ప్రాంతాల్లో లండన్ మిషన్, ఎస్.పి.జి. మిషన్, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల కోల్స్ స్కూలు ఆ కోవలోనివే. బడి దళితుడికి ఉద్యోగాన్ని చూపించింది. అంగడిని చూపించలేదు. అది బడి చేయగలిగిన పని కూడా కాదు.

5. తక్కెడ ఎవరిది

పాతబస్తీ వీధుల పేర్లు వింటే బజారు ఎట్లా పెరిగిందో అర్థమవుతుంది. షరాఫ్ బజారు, పూల బజారు, మించిన్ బజారు. బుధవారపేటలో వారం పేరే ఉంది. షరాఫ్ అంటే డబ్బు మార్చేవాడు, వెండి బంగారం చూసేవాడు. బజారుకు నడుమ షరాఫు, చుట్టూ ధాన్యం, బట్టలు, ఇంకా బయట కట్టెలు, గడ్డి, తోలు. బజారు కొలత గజాల్లో వేసినా, మైల లెక్కల్లో వేసినా ఒకటే పటం వస్తుంది. ఏ సరుకు తాకితే మైలపడదో దాన్ని దళితులు అమ్ముకోవచ్చు. కట్టెలు, గడ్డి, చాపలు, పొరకలు, చెప్పులు. పాలు, నూనె, వండిన తిండి అమ్మితే కొనేవాడుండడు. చట్టం అమ్మొద్దని చెప్పలేదు. కొనేవాడి కులం చెప్పింది.

ఈ పటంలో ముస్లిములను మరవకూడదు. నవాబుల పాలన పోయినాక కర్నూలు పాతబస్తీలోని ముస్లిం పేదలు జట్కాలు, చేతిపనులు, హమాలీ, చిల్లర బేరం మీద బతికినారు. తోలు, మాంసం వ్యాపారాల్లో దళితులూ ముస్లిములూ పక్కపక్కనే పనిచేసినారు. హమాలీల్లో మాల, మాదిగ, బోయ, ముస్లిం అందరూ ఉన్నారు. పాతబస్తీ అంటే మతాల పేరుతో భయపెట్టే రాజకీయాలు ఈ కలిసి మోసిన బరువును కావాలనే దాచిపెడతాయి.

వేరుశెనగ, పత్తి సీమ మెట్ట భూముల్లోకి వచ్చినాక బజారు స్వరూపం మారింది. ఆదోని పెద్ద పత్తి మార్కెట్టు అయింది. కర్నూలు వేరుశెనగకూ, తర్వాత ఉల్లిగడ్డకూ పేరు మోసింది. తిండి గింజ పోయి డబ్బు పంట వచ్చినచోట మండీ వ్యాపారి, దలారి బలపడతారు. వాళ్ళ బేరం గుడ్డ కింద జరిగేది. తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. సరుకు తెచ్చిన రైతుకు తన సరుకు ధర ఎంతో కనపడదు. తూకంలో తరుగు, సూటు, ధర్మం, గుడికింత అని కోతలు. 1926–28 రాయల్ వ్యవసాయ కమిషన్ ఈ పద్ధతుల్ని తప్పుబట్టింది. మద్రాసు ప్రభుత్వం 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసింది. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చి యార్డులు, కమిటీలు, లైసెన్సులు స్థిరపడినాయి. రైతుకు కొంత మేలు జరిగింది, కాదనలేం.

కానీ ఈ చట్టాలన్నీ రైతు, వ్యాపారి అని ఇద్దర్నే చూసినాయి. భూమి ఉన్నవాడు రైతు, పెట్టుబడి ఉన్నవాడు వ్యాపారి. దళితుడు ఎక్కువచోట్ల ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. అతను మూడో మనిషి. బండి దిగిన బస్తాను కొక్కెం వేసి వీపుకెత్తుకునేవాడు, కాటా దగ్గర పేర్చేవాడు, చిరిగిన గోతం కుట్టేవాడు. రాలిన గింజలు ఊడ్చుకునే ఆడమనిషి కూడా మూడో మనిషే. యార్డులో హమాలీకి లైసెన్సు ఉంది, రేటు ఉంది, సంఘం ఉంది. ఆ సంఘాలు పోరాడి సాధించుకున్న రేట్లు చిన్నవేం కాదు. అయినా ముప్పై ఏళ్ళు కాటా పక్కన నిలబడ్డవాడు కాటా వెనక కూర్చోలేదు.

ఎందుకు? దానికి జవాబు డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. మండీ నడిచేది అప్పు మీద. విత్తనం వేసేటప్పుడు రైతుకు వ్యాపారి పెట్టుబడి ఇస్తాడు, పంట అతని మండీకే రావాలి. వ్యాపారికి పై వ్యాపారి ఇస్తాడు. ఈ అప్పు కాగితం మీద కంటే మాట మీద, చుట్టరికం మీద, కులం మీద నడుస్తుంది. బ్యాంకు హామీ అడుగుతుంది, మండీ కులం అడుగుతుంది. దళితుడి దగ్గర రెండూ లేవు. పట్నంలో కులం కనపడదని అనుకుంటాం. వీధిలో కనపడకపోవచ్చు. ‘యావూరప్పా నీది, ఎవరి మనిషివి?’ అన్న రెండు మాటల్లో మండీ దాన్ని కనిపెడుతుంది.

2016 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేద్కర్ జయంతి నాడు, కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్ అనే కంప్యూటర్ మార్కెట్టును మొదలుపెట్టింది. కర్నూలు, ఆదోని, కడప యార్డులూ అందులో చేరినాయి. గుడ్డ కింద బేరం తెర మీదకు వచ్చింది. మంచిదే. బస్తా మాత్రం వీపు మీదే ఉంది. 2019లో రాష్ట్రం నామినేటెడ్ పదవుల్లో, నామినేషన్ పనుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 50 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. మార్కెట్ కమిటీ కుర్చీలో మనవాళ్ళు కూర్చోవడానికి దారి పడింది. కుర్చీ వేరు, కాటా వేరు అన్నది మనం మరవకూడదు.

6. రాజధాని, బస్సు

1937 శ్రీబాగ్ ఒడంబడిక పుణ్యమా అని 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు పెట్టుకున్న రాజధాని అని నవ్వుకున్నారు. ఉద్యోగుల కోసం వేసిన ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. పాతబస్తీ ఒక పక్క, క్యాంపులు ఒక పక్క. ఊరు రెండయింది. క్యాంపుల్లో నీళ్ళ కొళాయి, వెడల్పు రోడ్డు. వాటిని ఊడ్చేవాళ్ళు, పాయిఖానాలు ఎత్తేవాళ్ళు మాత్రం ఎప్పటిలాగా మన వాడల నుంచే. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది.

ఆ ఏడే, 1953 ఏప్రిల్లో, అంబేద్కర్ భాషా రాష్ట్రాల గురించి రాస్తూ ఆంధ్రను ఉదాహరణగా తీసుకున్నాడు. అక్కడ ఒకటి రెండు పెద్ద భూస్వామ్య కులాల చేతిలోనే భూమి, ఉద్యోగాలు, వ్యాపారం మూడూ ఉన్నాయని, అంటరానివాళ్ళు వాళ్ళ మీద ఆధారపడి బతుకుతున్నారని హెచ్చరించినాడు. భూమి గురించి, ఉద్యోగాల గురించి మన ఉద్యమాలు చాలా మాట్లాడినాయి. ఆయన మూడో మాటను, వ్యాపారాన్ని, మనం అంతగా పట్టించుకోలేదు.

ఆ మూడో మాటకు కర్నూలు బస్సుల కథ మంచి ఉదాహరణ. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. అప్పటికి సీమ రోడ్ల మీద ప్రైవేటు బస్సులదే రాజ్యం. రూటు పర్మిట్టు అంటే డబ్బు, పలుకుబడి, ఓట్లు. 1960ల మొదట్లో కర్నూలు జిల్లా రూట్లను జాతీయం చేయబూనినప్పుడు బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా పోయినారు. తమ మీద రాజకీయ కక్షతో ముఖ్యమంత్రి ఇది చేయించినాడని వాళ్ళ ఆరోపణ. ఆ ఆరోపణను ముఖ్యమంత్రి తానుగా అఫిడవిట్ వేసి ఖండించలేదని కోర్టు వ్యాఖ్యానించి స్కీమును కొట్టేసింది. 1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డి రాజీనామా చేసినాడు. ఒక జిల్లా బస్సు రూట్లు ముఖ్యమంత్రి పదవిని తీసేసినాయి. చక్రానికి ఉన్న అధికారం అంత. ఆ తగాదాలో రెండు వైపులా ఉన్నది భూమి, డబ్బు ఉన్న కులాలే. బస్సు మీదికి మూటలెక్కించేవాడు, బస్సు కడిగేవాడు ఏ అఫిడవిట్లోనూ లేడు.

అయినా జాతీయకరణ మనకు ఒక మేలు చేసింది. ప్రభుత్వ సంస్థ కాబట్టి రిజర్వేషన్ వచ్చింది. దళితుడు ఖాకీ చొక్కా తొడిగి స్టీరింగు పట్టుకున్నాడు, టికెట్టు చించినాడు. యజమాని కాకపోయినా చక్రం మీద చేయి పడింది ఇక్కడే. 1974లో ఏర్పడిన ఎస్సీ కార్పొరేషన్ రుణాలు ఆటోకు దారి చూపినాయి. కాబట్టి ప్రభుత్వ రవాణాను ప్రైవేటుకు అప్పజెప్పే మాట వచ్చినప్పుడు దాన్ని లాభనష్టాల లెక్కగా మాత్రమే చూడకూడదు. అది మనకు దక్కిన కొద్దిపాటి చక్రాన్ని వెనక్కి తీసుకోవడం. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిసినారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం అయింది. ఒకప్పుడు కట్టెలమోపుతో నడిచివచ్చిన ఆమె మనవరాలు ఇప్పుడు కూరగాయల గంపతో టికెట్టు లేకుండా ఊర్లో దిగుతుంది. దిగినాక ఎక్కడ కూర్చుంటుంది?

7. జాగా

బజారులో జాగా అంటే రెండు రకాలు. పట్టా ఉన్న అంగడి, పట్టా లేని రోడ్డు పక్క. మొదటిది వారసత్వంగా వస్తుంది, రెండోది పొద్దున్నే వచ్చి పట్టుకోవాలి. మునిసిపాలిటీ ఆశీలు వసూలును వేలం వేస్తుంది. వేలం పాడుకున్నవాడి మనుషులు గంపకింత అని వసూలు చేస్తారు. అంటే జాగా తనది కాని మనిషి ప్రతిరోజూ బాడుగ కడుతుంది, పెద్ద అంగడివాడు ఏడాదికోసారి పన్ను కడతాడు. రోడ్డు వెడల్పు, ట్రాఫిక్కు, సుందరీకరణ అని ఎప్పుడు పేరు పెట్టినా ముందు లేచేది గంపే. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు, కర్నూలు సి క్యాంపు రైతుబజారుతో సహా, దలారిని తప్పించడానికి వచ్చినాయి. అక్కడ కూర్చోవాలంటే రైతు అని గుర్తింపు కార్డు కావాలి. భూమి లేక, కొని అమ్ముకునే దళిత స్త్రీ రైతూ కాదు, దలారీ కాదు. మళ్ళీ మూడో మనిషే.

జాగా విలువ నీళ్ళు వచ్చినప్పుడు తెలుస్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేసినాయి. కడపలో 2001లోనూ 2020లోనూ బుగ్గవంక పొంగింది. వరద అందరికీ సమానమని అంటారు. అంగడి ఉన్నవాడికి రిజిస్టరు ఉంది, స్టాకు లెక్క ఉంది, బ్యాంకు ఉంది. నష్టం చూపించొచ్చు. రోడ్డు పక్క గంపకు రిజిస్టరు లేదు. ఏటి ఒడ్డున, వంక ఒడ్డున పల్లంలో ఇండ్లు ఎవరివి అని అడిగితే వరదకూ కులం ఉందని తెలుస్తుంది.

2014 వీధి విక్రేతల చట్టం ఈ జాగా ప్రశ్నను మొదటిసారి హక్కుగా చూసింది. జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటివ్వాలి, సర్వే చేసి సర్టిఫికెట్టు ఇచ్చేదాకా లేపకూడదు, టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్నవాళ్ళు ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాతినిధ్యం ఉండాలి. 1924 ఉత్తర్వు నడిచే హక్కు ఇచ్చింది. 2014 చట్టం కూర్చునే హక్కు ఇచ్చింది. నడక నుంచి కూర్చోవడానికి తొంభై ఏళ్ళు పట్టింది.

8. మన ముందున్న పని

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఎస్సీలు సుమారు 18 శాతం, కడప జిల్లాలో సుమారు 16 శాతం. ఈ జనం ఎంత భూమి మీద ఉన్నారో లెక్క దొరుకుతుంది, ఎంతమంది ఉద్యోగాల్లో ఉన్నారో దొరుకుతుంది. బజారులో ఎంత భాగం వాళ్ళదో లెక్క కట్టే పని మనమే చేసుకోవాలి. విద్యార్థులు తమ ఊరి మార్కెట్టు యార్డుకు పోయి లైసెన్సు పట్టికలు అడగాలి. కమీషన్ ఏజెంట్లలో ఎందరు దళితులు, హమాలీల్లో ఎందరు దళితులు అని రెండు గీతలు గీసి పక్కపక్కన పెట్టాలి. ఆశీలు వేలం ఎవరు పాడుతున్నారో, టౌన్ వెండింగ్ కమిటీ ఎప్పుడు కూర్చుందో సమాచార హక్కు కింద అడగాలి. టీచర్లు పిల్లలకు కొండారెడ్డి బురుజు చూపించినప్పుడు, దాని కింద బజారులో ఏ పని ఎవరు చేస్తున్నారో కూడా చూపించాలి.

ఇంకొక పని ఉంది. బాన, తొండం, వారు, చెర్నాకోల, పుట్టి, కందెన, కొక్కెం. ఈ మాటలు తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరూ పోతున్నారు. ఈ మాటలు పోతే పని పోతుంది, పని పోతే ఈ ఊరు కట్టినవాళ్ళ సాక్ష్యం పోతుంది. వాళ్ళ దగ్గర కూర్చుని రాసుకోవాలి. ఏ సరుకు ఏ దారిన వచ్చేది, కూలి ఎంత, ఎక్కడ నీళ్ళు తాగనిచ్చేవాళ్ళు, ఎక్కడ తాగనిచ్చేవాళ్ళు కాదు, అన్నీ.

దారి మీద హక్కు మన పెద్దలు కొట్లాడి తెచ్చింది. చక్రం మీద చేయి ప్రభుత్వ ఉద్యోగంతో కొంత పడింది. జాగాకు చట్టం ఉంది, అమలు కావాలి. తక్కెడ ఇంకా మన చేతికి రాలేదు. ఊరు, ఉద్యోగం అని రెండు మాటలతో నడిచిన మన పోరాటంలో బజారు అన్న మూడో మాటను చేర్చుకోవలసిన సమయం ఇది.